ఏది ముందు, ఏది తర్వాత

సాయంత్రం క్లాసులో ఇంగ్లీషు మాస్టారు రెండు వేళ్లెత్తి, "ఏది ముందు జరిగింది, ఏది తర్వాత?" అని అందరి ప్రాణాలూ తోడేసేవారు. బిఫోర్, ఆఫ్టర్ తారుమారైతే సుద్దముక్కతో బల్ల మీద టకటకా కొట్టేవారు. అందరికంటే ఎక్కువ చీవాట్లు తిన్నది బట్టలు కుట్టే ఆవిడే. ఒకరోజు ఆవిడ అందరికంటే ముందే వచ్చింది.

"నిన్న మా అత్తగారు మెట్ల మీద పడిపోయారు మాస్టారూ. డాక్టరమ్మకి మన భాష రాదు. కాలు జారిందనుకుని కట్టు కట్టి పంపించెయ్యబోయింది. 'షీ ఫెయింటెడ్ బిఫోర్ షీ ఫెల్' అన్నాను. పడకముందే స్పృహ తప్పిందా అని వెంటనే గుండె పరీక్ష చేయించింది. ప్రాణం దక్కింది. మీరు పుణ్యం కట్టుకున్నారు."

తన పాఠమంతా గాలికి పోతోందని ఎన్నాళ్లుగానో దిగులుపడుతున్న మాస్టారు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

"నువ్వే నాకు మేలు చేశావు తల్లీ," అని తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు.