రెడ్డెప్ప పాటా, రెడ్డెప్ప ప్లేటా

ఈ పొద్దు పుంగనూరులో ఒక పెండ్లికి మైకుసెట్టు కట్టినాను. పదేండ్ల కింద మదనపల్లె హోటళ్లన్నిట్లో మోగిన పాప్ సింగర్ రాకెట్టు రెడ్డెప్ప, మళ్లా పేరు తెచ్చుకోవాలని కుప్పం నుంచి బస్సులో వచ్చి, తన పాత పాటే ఎత్తుకున్నాడు.

వంటలకాడి నుంచి పెండ్లికూతురి అవ్వ, తెర ఎనక మిషను ముందర కూర్చోనుండే నాకాడికి వచ్చింది. ఆమెకు హారన్‌లో గొంతు వినపడతాదే గానీ పాడే మనిషి కనపడడు.

"ప్లేటు అరిగిపోయినట్టుండాదప్పా, మార్చు" అనింది. మా పక్క రికార్డును ప్లేటనే అంటారు.

రెడ్డెప్పకు వినపడినట్టుండాది. పాట ఆపి తెర ఎనక్కి వచ్చి, "నా ప్లేటు ఉండాదా నీకాడ? ఎయ్యప్పా" అన్నాడు. ఏసినాను. అదే పాట, పదేండ్ల కిందటి గొంతు.

అవ్వ తలూపింది. "పాటంటే ఇదీ. ఇందాకటి ప్లేటు ఎవురిదప్పా?" అని రెడ్డెప్పనే అడిగింది.

"ఎవురిదోలే అవ్వా, నేనూ గుర్తుపట్టలేదు" అని నవ్వి, పోయి అన్నాల పంతిలో కూర్చున్నాడు.

పాట ఆయనదే, మెప్పూ ఆయనకే. మరి ఓడిపోయిందెవురు? పొద్దు మునిగినా నాకు తెగలేదు. మీకు తెగితే చెప్పండి.