సేటు గారి క్షమాపణ ఫ్లెక్సీ

ఆ రోజుల్లో, ఒకరికొకరు నోటితో చెప్పుకునే మాటను ఉత్తరంగా మార్చడమే గొప్ప ఉద్యోగమని నేను నమ్మేవాణ్ణి. బోధన్‌లో మాకో ఫుట్‌బాల్ జట్టు ఉండేది. యజమాని నిజామాబాద్ పసుపు వ్యాపారి, అందరికీ సేటు. ఆయన నన్ను 'మీడియా ఇంచార్జి'గా పెట్టుకున్నాడు (నా అర్హతలు తెలుగు టైపింగు, ఒక ఇస్త్రీ చొక్కా). విదేశీ క్లబ్బుల యజమానులు అభిమానులకు రాసే ఉత్తరాలు ఫోన్‌లో చదివి చదివి, ఆ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడనుకునేవాణ్ణి.

ఆ ఏడు సేటు మ్యాచులన్నీ నిజామాబాద్‌కు మార్చేశాడు, అక్కడ గ్రౌండు పెద్దదని. ఆ సంగతి ఊరికి తెలిపే పని నాది. ఆటోకు మైకు కట్టించి బోధన్ వీధుల్లో తిప్పాను. సాయంత్రానికి గోలు తాత మా ఆఫీసుకొచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన మనిషి, ఏ మ్యాచయినా గోలు వెనకే కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు. "నల్లా బిల్లు కట్టుమన్నట్టు మైకుల చెప్పిస్తివి బిడ్డా. నా మోకాళ్ళు బస్సెక్కనియ్యవు. ఇగ నాకు ఆట లేనట్టే" అన్నాడు, గొంతు పెంచకుండానే. ఆ మాట పట్టుకుని నేరుగా సేటు దగ్గరికి వెళ్ళాను.

తాత మాట చెబితే ఆయన చూస్తున్న లెక్కల పుస్తకం మూసేశాడు. "తప్పయింది తమ్మీ. ఆటలు బోధన్‌లనే ఆడదాం. గదే రాసి ఫ్లెక్సీ కట్టు" అన్నాడు. 'మీరే వచ్చి చెప్తే అయిపోతది గద సేట్' అనాల్సింది. అనలేదు (అంటే నా ఉద్యోగమేం కావాలి?). రెండు పేజీల క్షమాపణ రాసుకుని ఫ్లెక్సీ షాపుకు వెళ్ళాను. షాపాయన అది చూసి, "ఫోటోలు ఏడ వెట్టాలె అన్నా?" అన్నాడు. నిజమే, మా దగ్గర ఫ్లెక్సీ అంటే మధ్యలో దండం పెడుతూ పెద్దమనిషి, చుట్టూ కమిటీ వాళ్ళ తలలు. ఒక్క తల తగ్గినా అలకలు. తలలన్నీ సర్దేసరికి నా రెండు పేజీలు సేటు చెప్పుల కింద చీమల బారులా మిగిలాయి. పైన ఖాళీ బాగుండదని షాపాయన బెలూన్లు కూడా వేశాడు.

మర్నాడు బస్టాండు దగ్గర దాన్ని చూసిన బోధన్ జనం సేటు పుట్టినరోజనుకున్నారు. ఆయన ఆఫీసుకొచ్చేసరికి మూడు కేకులు, బోలెడు శాలువాలు. పుట్టినరోజునాడు కోపమెందుకని అలిగినవాళ్ళూ వచ్చారు. గోలు తాత శాలువా విప్పుతూ, "ఎన్నేండ్లు నిండినయ్ సేటు?" అన్నాడు. చేతిలో కత్తితో సేటు నా వైపు చూశాడు. నేను కేకు వైపు చూశాను.

"పుట్టినరోజు కాదు తాతా" అన్నాడు సేటు చివరికి. "మాఫీ అడుగుదామని కట్టిచ్చిన. మిమ్ముల అడగకుంట ఆటలు మార్చిన. ఇగ ఈడనే ఆడదాం."

తాత శాలువా కప్పేసి, "గీ ముక్కకు గంత పెద్ద ఫ్లెక్సీ దేనికి? కేకు కొయ్యి" అన్నాడు. ఆయన కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

తరువాత ఆ ఫ్లెక్సీని తాతే అడిగి తీసుకుపోయి, గోలు వెనక నాలుగు కర్రలు పాతి ఎండకు కప్పుగా కట్టుకున్నాడు. ఒక మ్యాచుకు నేనూ ఆయన పక్కన కూర్చుని, తలెత్తి నా రెండు పేజీలు చదువుకోబోయాను. అక్షరాలు వెలిసిపోయాయి. ఇప్పుడు ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి రాత ఒక్కరూ చదవలేదు గానీ, దాని నీడలో ఒక ముసలాయన రెండేళ్ళు ఆట చూశాడు.