ఎస్తేరక్క చెప్పిన ఎడం

తడిసిన బ్రేకు రబ్బరు సైకిల్ చక్రానికి రాసుకుంటే సన్నగా కీచుమని ఒక చప్పుడు వస్తుంది. ఎండ రోజుల్లో అది రాదు. ఈ పొద్దున చెన్నైలో, మా చూలై పేట సందు మలుపు దగ్గర, వాన పడుతుండగా ఎవరో బ్రేకు నొక్కారు. పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ చప్పుడు వినగానే గిన్నె వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఒక నల్ల గొడుగు, పేపర్లు వేసే మనిషి, అంతే. ఎస్తేరక్క ఇక లేదని నాకు తెలుసు. తెలిసీ పోయి చూశాను. వెనక్కి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నన్ను నేనే తిట్టుకుంటూ తుడుచుకున్నాను.

ఎస్తేరక్కని మీరు చూసి ఉండరు. మా కింది వాటాలో ఉండేది. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి చూలైలో నిలిచిపోయిన కుటుంబం వాళ్ళది. పొట్టి మనిషి, గట్టి మనిషి. తెల్లవారుతూనే సైకిల్ హ్యాండిల్‌కి అటొక సంచి, ఇటొక సంచి పాల ప్యాకెట్లు తగిలించుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బయల్దేరేది. భర్త పోయాక ఆ సైకిల్ మీదే కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. ఆమె మాట్లాడే తెలుగు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. నేను గుంటూరు పిల్లని. ఈడ, ఆడ, ఉండాది అంటూ, మధ్యమధ్యలో అరవం కలిపేసి గబగబా చెప్పుకుపోతుంటే, ఇదేం తెలుగక్కా అని నవ్వేదాన్ని. "నీది మాత్రం ఏమి తెలుగు మా, చూయింగ్ గమ్ము మాదిరి సాగదీస్తావు" అని ఆమె నన్ను వెక్కిరించేది. ఇద్దరం ఒకరి భాషను ఒకరు వెక్కిరించుకుంటూనే దగ్గరయ్యాం. ఆ రెండు తెలుగుల మధ్య తేడా మాకు అప్పట్లో ఉత్త వేళాకోళమే.

నేను చెన్నై వచ్చింది ఒక రక్త పరీక్షల ల్యాబులో పనికి. పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి, పరగడుపున ఎదురుచూసే వాళ్ళ దగ్గర రక్తం తీసుకురావాలి. ఆ వేళకి బస్సు వస్తే ఎక్కడానికి చోటుండదు, చోటుంటే మన స్టాపులో ఆగదు. నేను ఆలస్యంగా వెళితే పెద్దవాళ్ళు ఆకలితో నకనకలాడుతూ నన్ను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఉద్యోగం ఊడటం ఖాయమని మేనేజరు మొహం మీదే చెప్పాడు. ఆ రోజుల్లో ఒకనాడు బస్‌స్టాపులో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటే ఎస్తేరక్క నా పక్కన సైకిల్ ఆపింది.

"ఏమి మా, దినమూ ఈడనే నిలబడుకోని ఉండావు. సైకిల్ తొక్కేది రాదా నీకు?"

"రాదక్కా."

"నేర్పిస్తే నేర్చుకుంటావా?"

"ఈ వయసులోనా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వేవాళ్ళు వచ్చి నీకు బస్సు ఆపుతారా? నేను బిడ్డతల్లినైనాక నేర్చుకుంటిని. సాయంత్రం కిందికి రా."

చర్చి వెనక ఖాళీ స్థలంలో సాయంత్రాలు నేర్పించింది. ఆమె సీటు పట్టుకుని పరుగెత్తేది, నేను పెడబొబ్బలు పెట్టేదాన్ని. మోకాళ్ళు దోక్కుపోయాక, మోచేతులు వాచాక, ఎట్టకేలకు ఒకనాడు సైకిల్ నా మాట విన్నది. పాత లేడీస్ సైకిల్ ఒకటి కొనుక్కున్నాను. ఇంటింటికీ టైముకి వెళుతున్నాను, తిట్లు తగ్గాయి. ఇక మనకేం ఢోకా లేదనుకున్నాను. అప్పుడు వానలు మొదలయ్యాయి.

మొదటి వాన పడిన రోజు సెలవు పెడదామని దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఎస్తేరక్క వచ్చి తలుపు కొట్టింది. తలకి తువ్వాలు గట్టిగా చుట్టుకుని ఉంది.

"వాన పడుతోంది కదక్కా."

"అందుకే వస్తిని. ఎండలో తొక్కేది నేర్చుకుంటివి, సరి. ఈ ఊర్లో వానలో తొక్కేది వేరే పాఠం. లే."

కిందికి దిగి సైకిళ్ళు పట్టుకుని సన్‌షేడ్ కింద నిలబడ్డాం. కదలదే. ఏమక్కా, వెళ్దాం కదా అంటే, తొలి వానకి రోడ్డు లోపలి నూనెంతా పైకి కక్కుతుందనీ, కాసేపు కడగనివ్వాలనీ చెప్పింది. నేను రెయిన్‌కోటు టోపీ నెత్తి మీదికి లాక్కుంటే చేత్తో వెనక్కి లాగేసింది. "చెవులు మూసుకుంటే వెనకాల బస్సు వచ్చేది ఎట్ల తెలస్తాది? తల తడిస్తే తడవనీ." నాకూ ఒక తువ్వాలు చుట్టింది. కోటు అంచు చైనులో పడకుండా ముడి వేసింది. తర్వాత సందులోకి తీసుకుపోయి, ఊరికే నొక్కి వదలమని, నొక్కి వదలమని బ్రేకుతో ఆట ఆడించింది. రబ్బరుకి పట్టిన తడి పోతే గానీ అది పట్టుకోదు, ఆగాల్సిన చోట నొక్కితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. మ్యాన్‌హోల్ ఇనుప మూతల మీదా, రోడ్డుకి వేసిన తెల్ల గీతల మీదా చక్రం ఉండగా తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు. అడుగు కనపడని నీళ్ళు ఎదురైతే దిగి నడిపించుకుపోవాలి. "దిగేదానికి సిగ్గుపడొద్దు పాపా. పడినాక లేసేదానికంటే దిగేది సులభం" అనేది.

అన్నిటికంటే ఎక్కువగా ఆమె చెప్పింది ఒకటే మాట. ఎడం విడు. అరవంలో ఇడం విడు అంటే చోటు వదలమని. దాన్నే ఆమె తెలుగు చేసుకుని ఎడం విడు అనేది. ముందు పోయే బండికీ నీకూ మధ్య ఎండలో వదిలే చోటుకి రెండింతలు వానలో వదలాలి, ఎందుకంటే వాడు ఆగినంత తొందరగా నువ్వు ఆగలేవు. ఎడమ చేతి వైపుని ఆమె ఎప్పుడూ లెఫ్టు అనే అనేది. ఎడంగా కూర్చోమనే మాట నాకు మాత్రం తెలియదా? తెలుసు. కానీ మా వైపు ఎడం చెయ్యి, ఎడం పక్క, ఎడం కాలు. ఎడం అనే మాట చెవిన పడితే చాలు, నా ఒళ్ళు ఎడమకి మళ్ళుతుంది. విడు అనే ముక్క వెనకాల ఉన్నంతకాలం నాకు తేడా రాలేదు.

ఆ ఏడు కార్తీక మాసంలో వాన విడవకుండా పడింది. ఒక పొద్దున ఇద్దరం ఒకే దారిన పోతున్నాం, నేను ముందు, ఆమె వెనక. నా ముందు ఒక ఆటో పోతోంది. రోడ్డు పక్కన ఎవరో చెయ్యి ఊపితే ఉన్నట్టుండి ఆగాడు. వెనక నుంచి ఎస్తేరక్క గొంతు చించుకుని "ఎడం" అని అరిచింది. విడు అని కూడా అనే ఉంటుంది. ఆ వానలో, హారన్ల మోతలో నాకు వినపడింది ఎడం ఒక్కటే. నేను ఆలోచించలేదు, చేతులు వాటంతటవే హ్యాండిల్ని ఎడమకి తిప్పేశాయి. ఎడమ పక్కనంతా నీళ్ళు. ఆ నీళ్ళ కింద కాలవ మీది పలక లేచిపోయి ఉంది. ముందు చక్రం అందులోకి దిగింది, నేను ఎగిరి పడ్డాను, మణికట్టు విరిగింది.

ఆసుపత్రి బెంచీ మీద నా పక్కనే, ఒంటికి అతుక్కుపోయిన తడి చీరతో కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఎడం విడమంటిని కదా పాపా. బ్రేకు పట్టకుండా ఆ నీళ్ళలోకి ఎందుకు పోతివి?"

"నువ్వు ఎడం అన్నావు కదక్కా. ఎడమకే తిప్పాను" అన్నాను.

"మీ ఊర్లో ఎడం అంటే లెఫ్టా?" అంది.

అవునన్నాను. ఆ నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. మన ఇద్దరి తెలుగులూ కలిసి నా చెయ్యి విరగ్గొట్టాయక్కా అన్నాను. ఊళ్ళో అందరికీ చెప్పుకుని నవ్వుకోవచ్చు అనుకున్నాను. ఎస్తేరక్క నవ్వలేదు. నా చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయింది, డాక్టరు పిలిచినా వినిపించుకోలేదు.

కట్టు విప్పాక నేను మళ్ళీ సైకిల్ ఎక్కాను. ఆమె దిగిపోయింది. పాలు వేసే ఇళ్ళ లైను తన తోడికోడలికి అప్పగించేసింది. సైకిల్ మెట్ల కింద గొలుసు వేసుకుని, గాలి దిగి అలాగే ఉండిపోయింది. చర్చిలో ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. తప్పు నీది కాదక్కా, మూత లేని కాలవది అని ఎన్నిసార్లు పోట్లాడానో చెప్పలేను. "కాలవ దినమూ ఆడనే ఉండె. దినమూ తప్పించుకుని పోతానే ఉంటివి. ఆ పొద్దు కొత్తగా నోరు తెరిచింది నేనే" అనేది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు చూలైలో ఎవరూ లేరు.

మబ్బు పడితే చాలు, మెట్లెక్కి వచ్చి బస్సులో పొమ్మనేది. ఉద్యోగం ఉండాలంటే నాకు కుదరదు. నేను తువ్వాలు చుట్టుకుని కిందికి దిగుతుంటే ఆమె లోపలికి పోయి తలుపు వేసుకునేది. నేను సైకిల్ ఎక్కేది చూడకూడదు, అంతే. అలా ఏళ్ళు గడిచాయి. ఆమె నేర్పినట్టే బ్రేకు ఆరబెట్టుకున్నాను, ఆమె నేర్పినట్టే దిగి నడిచాను, ఆ ఒక్క పొద్దు తప్ప మళ్ళీ ఎప్పుడూ పడలేదు. అది ఆమె కళ్ళతో ఒక్కసారైనా చూడలేదు. నోటితో చెబితే నన్ను ఓదార్చడానికి చెబుతున్నావు అనేది.

షుగరుతో కాలు వాచి లేవలేని స్థితి వచ్చాక కూతురు గ్రేసు ఆమెను చెన్నై ఉత్తర శివారున ఉన్న మనలికి తీసుకుపోయింది. అల్లుడు అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కిందటి వానాకాలంలో ఒక ఆదివారం చూడటానికి బయల్దేరాను. బస్సుంది. కావాలనే సైకిల్ మీద పోయాను. దారిలో లారీలు, గుంటలు, మధ్యలో జోరు వాన. ఇంత దూరం వానలో తొక్కుకుంటూ వచ్చానని తెలిస్తే ఆమె గుండె మీది బరువు దిగుతుందని నా ఆశ. అది తప్ప ఇంకో కారణం లేదు.

గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. నా మొహం చూడలేదు, బురద పట్టిన కాళ్ళు చూసింది.

"సైకిల్‌లోనా వస్తివి?"

"అవునక్కా. నువ్వు నేర్పినట్టే వచ్చాను. ఎక్కడా జారలేదు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా మణికట్టు పట్టుకుని, విరిగి అతుక్కున్న చోట బొటనవేలితో రాస్తూ కూర్చుంది. "ఒక మాట ఇయ్యి పాపా. పోయేటప్పుడు బస్సులో పో. వాన నిలిచినాక వచ్చి బండి తీసుకోని పో" అంది. నేను మొదట ఒప్పుకోలేదు. ఆమె నా చెయ్యి వదలలేదు. జబ్బు మనిషితో పంతమేంటి, పెద్దదానికి నెమ్మదిగా ఉంటే చాలు అనుకున్నాను. సరేనక్కా అన్నాను.

సైకిల్ వాళ్ళ సన్‌షేడ్ కింద పెట్టాను. ఆ ఇంటి కిటికీకి ఎదురుగానే బస్‌స్టాపు. గ్రేసు ఆమెను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది. నేను బస్సెక్కి చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది. మంచి పనే చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

వాన తెరిపివ్వలేదు. నేను మళ్ళీ మనలి వెళ్ళింది ఆమె సమాధి కార్యక్రమానికే. అన్నీ అయ్యాక సైకిల్ తీసుకుంటుంటే గ్రేసు వచ్చి పక్కన నిలబడింది. "ఈ బండి కంటపడినప్పుడంతా అమ్మ ఒకటే మాట అంటావుండె అక్కా" అంది.

"ఏమనేది?"

"ఆ పాపకి ఇంకా భయం పోలేదే, నా నోటి వల్లనే కదా, చూడు, బండి విడిచిపెట్టి బస్సులో పోయిందే అని."

తనే మాట తీసుకుందన్న సంగతి ఆమెకు గుర్తులేదట. గుర్తున్నది నేను బస్సెక్కడం ఒక్కటే.

అక్కడి నుంచి చూలై దాకా వానలోనే తొక్కుకుంటూ వచ్చాను. దారంతా ఏడుస్తూనే వచ్చాను, అయినా ఎక్కడా తప్పు తొక్కలేదు. ఇప్పటికీ వానలో సైకిల్ తీస్తే ముందు బండికీ నాకూ మధ్య ఆమె చెప్పినంత చోటు వదులుతాను, నా కాళ్ళకీ చేతులకీ ఆమె నేర్పింది తప్ప వేరే ఏమీ రాదు. నువ్వు నేర్పింది నాకు బాగానే వచ్చిందక్కా అని ఎన్నేళ్ళు నోటితో చెప్పినా ఆమె నమ్మలేదు. కళ్ళారా చూపించే అవకాశం ఒక్కసారే వచ్చింది. కిటికీలో కూర్చుని నా వైపే చూస్తూ ఉంది, ఎదురుగా తడి రోడ్డు, నా సైకిల్ అక్కడే ఉంది. నేను బస్సెక్కాను.