చెన్నూరు రేవులో సగం మునిగిన పంక

కరీంనగర్‌లో నాకు నీళ్ల మోటార్ల దుకాణం ఉంది. బావికి మోటారు కొనడానికి వచ్చిన ప్రతి రైతుకూ నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే. పైపులోకి గాలి పోనివ్వకండి, గాలి పీల్చిందంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. ఇన్నేళ్లుగా ఈ మాట మీదే బతుకుతున్న నాకు ఒక ఆదివారం కటింగ్ షాపులో పాత విదేశీ పత్రిక ఒకటి చేతికొచ్చింది. అందులో పందెం పడవ ఫోటో ఉంది. పడవను నెట్టే పంక సగం నీళ్లలో, సగం గాలిలో ఉంది. వెనక నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. అది చూసి నాకు కోపమే వచ్చింది. గాలిలో తిరిగే పంక నీళ్లనేం నెడుతుంది? మర్నాడు దుకాణానికి వచ్చిన సమ్మయ్యతో ఇదే అన్నాను. సమ్మయ్య నస్పూర్‌లో ఉండే బొగ్గుగని ఫిట్టరు, నాకు పాత స్నేహితుడు. అతను తాపీగా టీ తాగి, "గసొంటి బోటు మా చెన్నూరు రేవులనే ఉన్నది. ఆ పంక కడ్డీ నేనే లేతు మిషను మీద చేపిచ్చిన. నమ్మకుంటే వచ్చి చూడు" అన్నాడు. ఆ మాటకు దుకాణం తమ్ముడికి అప్పజెప్పి బయల్దేరాను.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు తేలికైన పద్ధతి చెప్తాను. కరీంనగర్ నుంచి పొద్దున బస్సులో పెద్దపల్లికి వచ్చి, అక్కడ ప్యాసింజర్ రైలు పట్టుకుంటే మధ్యాహ్నానికి మంచిర్యాలలో దిగవచ్చు. రైలు సమయానికి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆలస్యమైనా నాకు బాధనిపించలేదు, ప్లాట్‌ఫారం మీద వేడివేడి మిరపకాయ బజ్జీలు దొరికాయి. గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు కిందికి చూస్తే, వానలు వెళ్లి ఎంతో కాలం కాకపోయినా ఇసుక దిబ్బలు అప్పుడే వీపులు బయటపెట్టాయి. ఆ రాత్రి నస్పూర్‌లో సమ్మయ్య క్వార్టర్‌లోనే ఉన్నాను. వాళ్లావిడ పెట్టిన సర్వపిండి రుచికి ఒకటి అనుకున్నవాణ్ని మూడు తిన్నాను. సమ్మయ్యకు పొద్దున షిఫ్టు ఉంది కాబట్టి మొదటి బస్సుకు నేనొక్కడినే చెన్నూరు వెళ్లాను.

చెన్నూరు బస్టాండు పక్క హోటల్లో పూరీ తిని, రేవు వైపు పోతున్న ఎడ్లబండి ఎక్కాను. బండి తోలే పెద్దమనిషిని పంక బోటు గురించి అడిగితే మీసాల్లో నవ్వాడు.

"మంచిగుంటది సార్. పోయేటప్పుడు ఎక్కున్రి. వచ్చేటప్పుడు మాత్రం జర ఆలోచన చేయున్రి."

ఎందుకని ఎంత అడిగినా ఎడ్లతో మాట్లాడాడే తప్ప నాతో మాట్లాడలేదు.

రేవులో బోటు యజమాని రాజమల్లు ఇంజను మీద వంగి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, మోచేతుల దాకా నూనె. సమ్మయ్య పేరు చెప్పగానే చేయి తుడుచుకుని బోటంతా చూపించాడు. అడుగు చదునుగా ఉన్న పొడుగాటి చెక్క పడవ. మధ్యలో పాత జీపు ఇంజను. దాని నుంచి ఇనుప కడ్డీ ఒకటి వెనక్కి, దాదాపు నీటిమట్టానికి సమంగా సాగి, చివర ఇత్తడి పంకతో ఆగింది. అచ్చం ఫోటోలో లాగానే పంక సగం పైనే ఉంది. గాలి సంగతి అడిగాను.

"మొదట్ల నేను గూడ లోపటికే ముంచిన సార్. ఇసుక తాకి రెండుసార్లు రెక్కలిరిగినయ్. ఇరగకున్నా, జోరుగ తిప్పితే రెక్కల మీద బుడగలు లేచి చెదలు తిన్నట్టు గుంటలు పడ్డయ్. ఇగ ఇట్ల గాదని పైకి లేపిన. ఇప్పుడు మునిగిన రెక్క నూకుతది, లేచిన రెక్క ఉట్టిగ గాలిల తిరిగొస్తది. గాలిల తిరుగుడు అల్కగుంటది గదా, బరువంత కిందిదానికే. కడ్డీ గూడ నీళ్లల్ల ఈడ్వది. గందుకే గంత జోరు."

"మరి గాలి పీల్చి ఉత్తినే తిరగదా?"

"కదిలేటప్పుడు గట్లనే చేస్తది. అరుస్తది, నీళ్లు చల్లుతది, జరుగదు. బోటు మూతి లేచి నీళ్ల మీదికి వచ్చిందంటే మాత్రం ఇగ దాన్ని పట్టలేం."

పంపు వేరు, పంక వేరు అని అప్పుడు అర్థమైంది. పంపుకు నీళ్లు తెగకూడదు. ఈ పంకకు మాత్రం ప్రతి రెక్కా నీళ్లను కొట్టి బయటికొచ్చి, మళ్లీ కొత్తగా కొట్టాలి. ఇన్నాళ్లూ రైతులకు చెప్పింది తప్పు కాదని తేలడంతో మనసు కుదుటపడింది.

రాజమల్లు మాత్రం ఆ రోజు కుదురుగా లేడు. ప్రతి బోల్టునూ రెండేసి సార్లు బిగిస్తున్నాడు. అడిగితే చెప్పాడు. అతని చెల్లెలు కమలకు అవతలి ఒడ్డున, మంథని దిక్కు ఊళ్లో సంబంధం కుదిరింది. పిల్లగాని తల్లి బుచ్చవ్వ ఆ రోజు పూలు పండ్లు తీసుకుని ఇక్కడికి వస్తోంది. పెళ్లి ఈ ఒడ్డున, కాపురం ఆ ఒడ్డున. తల్లీ తండ్రీ లేని చెల్లెల్ని తన బోటులోనే అత్తగారింటికి దిగబెట్టాలని రాజమల్లు ఆశ. బుచ్చవ్వేమో పంక బోటంటేనే భయపడుతోందట. చుట్టు తిరిగి బ్రిడ్జి మీదుగా లారీలో పోదామంటోందట. చివరికి, ఈరోజు బోటెక్కి చూస్తాను, ఆ తర్వాతే చెప్తాను అని కబురంపింది.

"ఆమె వద్దంటే ఇగ ఈ బోటు ఎవలెక్కుతరు సార్? సొంత చెల్లెనే ఎక్కియ్యలేదంటరు" అన్నాడు. తర్వాత నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి, కొంచెం మొహమాటపడుతూనే, "మీరు ముంగట కూసోన్రి సార్. మూతి మీద జర బరువుండాలె. దేవుడు పంపినట్టు వచ్చిన్రు" అన్నాడు. సర్వపిండి ఊరికే పోలేదు.

పోయేటప్పటి ప్రయాణం గురించి ఏం చెప్పను. మొదట ఇంజను గోల పెట్టింది, వెనక నీళ్లు చిందాయి, బోటు కదల్లేదు. అంతలోనే మూతి లేచింది, చెక్క కింద నీళ్లు గట్టిపడ్డట్టయింది, ఇసుక దిబ్బలు రెండు వైపులా వెనక్కి పరుగెత్తాయి. జానెడు లోతున్న చోట కూడా ఆగకుండా దూసుకుపోయాం. వెనక్కి తిరిగి చూస్తే నీటి తోక మనిషెత్తు లేచి ఎండలో తెల్లగా మెరుస్తోంది. నాకు చిన్నపిల్లాడికి కలిగినంత సంతోషం కలిగింది, దాచుకోలేదు కూడా. కరీంనగర్ జిల్లా ఒడ్డున ఎదురుగా కనిపించే రాతి మెట్ల దగ్గరికే గీత గీసినట్టు వచ్చి ఆగాం. నేను బస్సూ రైలూ మారి, ఊరంతా చుట్టి, చివరికి దిగింది మా జిల్లాలోనే.

బుచ్చవ్వ ఇద్దరు ఆడవాళ్లతో, పండ్ల గంపలతో సిద్ధంగా ఉంది. యాభై దాటిన మనిషి, పెద్ద బొట్టు, నిలువునా కొలిచే చూపు. బోటును చూసింది, పంకను చూసింది, నన్ను కూడా చూసి ఎక్కి కూర్చుంది. ఎక్కడం ఎక్కడమే ముగ్గురూ వెనకే కూర్చున్నారు. దాంతో మూతి లేవలేదు. ఇంజను అరిచి అరిచి చల్లిన నీళ్లన్నీ వాళ్ల కొత్త చీరల మీదే పడ్డాయి. రాజమల్లు మొహం మాడిపోయింది. "అత్తమ్మా, జర ముంగటికి రాన్రి" అని బతిమాలితే ముగ్గురూ గంపలతో సహా నా పక్కకు జరిగారు. అప్పుడు లేచింది బోటు.

లేవడం లేచింది గానీ, రేవు వైపు పోకుండా మూతి నీటివాలుకు, దిగువకు తిరగసాగింది. రాజమల్లు చుక్కాని మీద ఒళ్లంతా వేసి పట్టుకున్నా కొట్టుకుపోతూనే ఉన్నాం. సంగతేమిటో నాకప్పుడు తెలిసింది. సగం మునిగిన పంక నీళ్లలో బండి చక్రంలా ఉంటుంది. ముందుకు నెడుతూనే బోటు వెనక భాగాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు, ఎడమకు నడిపిస్తుంది, దాంతో మూతి కుడికి తిరుగుతుంది. పోయేటప్పుడు కుడి అంటే ఎగువ. పంక ఎగువకు లాగింది, వాలు దిగువకు తోసింది, రెండూ సరిపోయి సక్కగా పోయాం. వచ్చేటప్పుడు అదే కుడి దిగువ అవుతుంది. పంకా వాలూ ఒక్కటైపోతే రాజమల్లు ఒక్కడు ఏం చేస్తాడు? బండి పెద్దమనిషి నవ్వు ఇందుకన్నమాట.

చివరికి రేవుకు చాలా దిగువన, పుచ్చ తీగలు వేసిన ఇసుకలో దిగాం. కాళ్లు కడగడానికి రేవులో చెంబు పట్టుకుని నిలబడ్డ కమల, మమ్మల్ని చూసి ఇసుకలో అంత దూరమూ నడిచి వచ్చింది. బుచ్చవ్వ తడి కొంగు పిండుకుని, "ఇది ఎప్పుడు గిట్ల వంకరే పోతదా?" అని అడిగింది.

రాజమల్లు అబద్ధం చెప్పి తప్పించుకోగలిగేవాడే. గాలి ఎక్కువుందనో, బరువు ఎక్కువైందనో అన్నా సరిపోయేది. అతను చెప్పలేదు. "లేదు అత్తమ్మా. మీ దిక్కు పోయేటప్పుడు సక్కగ పోతది. మా దిక్కు వచ్చేటప్పుడే వంకర పోతది. ఈ పంక గుణమే గంత" అన్నాడు తలదించుకుని.

బుచ్చవ్వ అవతలి ఒడ్డు వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "అంటే, అత్తగారింటికి సక్కగ తోల్కపోతది, అవ్వగారింటికి రమ్మంటే మొండికేస్తది. ఓ రాజమల్లూ, ఇంతకన్న మంచి బోటు నా కోడలికి ఎక్కడ దొరుకుతది? లారీ వద్దు గీరీ వద్దు. పిల్ల ఈ బోట్లనే వస్తది."

అందరం నవ్వాం. రాజమల్లు కళ్లు తుడుచుకున్నాడు, నూనె చేతులతో తుడుచుకోవడంతో మొహమంతా నల్లబడింది. అప్పటిదాకా వంగి అత్తగారి కాళ్ల మీద నీళ్లు పోస్తున్న కమల తలెత్తకుండానే అడిగింది.

"అన్నా, రెండో పంక ఎప్పుడు పెడ్తవ్?"

ఈసారి అందరికంటే ముందు నవ్వింది బుచ్చవ్వే. ఆ మధ్యాహ్నం రాజమల్లు ఇంట్లో నాకూ ఆకు వేశారు. చేపల పులుసు గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం ముగియదు.

కొన్నేళ్లకు, మొన్న దసరా సెలవుల్లో మళ్లీ అదే దారిన వెళ్లాను. బోటుకు ఇప్పుడు రెండు పంకలున్నాయి. పిండి గిర్నీలో బెల్టు మెలేసినట్టు ఇంజను పట్టాను మెలేసి, రెండోది ఎదురు దిక్కున తిరిగేలా చేశాడు రాజమల్లు. ఒకటి ఎడమకు లాగితే ఒకటి కుడికి లాగుతుంది, బోటు పోవడమూ సక్కగానే, రావడమూ సక్కగానే. కరెంటు మోటార్లు అమ్ముకునే నాకు ఇంత సంతోషం దేనికో సరిగా చెప్పలేను. ఆ ఇసుకలో ఒక పిల్ల తలవంచుకుని అడిగిన చిన్న మాటను ఒక అన్న మరచిపోలేదు, అంతే. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఎంత ఖాళీగా ఉన్నా వెనక కూర్చోకండి, బట్టలు తడుస్తాయి, బోటూ లేవదు. ముందు బల్ల మీదే కూర్చోండి. అక్కడ అప్పటికే పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే మాత్రం జరగమని అడక్కండి. ఆమె కోడలి పుట్టింటికి చేపల పులుసు తినడానికి పోతూ ఉంటుంది.