టెస్టు తీసేసిన ఏఐ

మా వదినది మంత్రాలయం దగ్గర పల్లె. ఆమె కడపకు మా ఇంటి కోడలిగా వచ్చాక, మేమిద్దరం మేడమీది గదిలో కూర్చుని, రైతులు ఫోన్ నుంచే బోరు మోటరు వేసుకునే యాప్ ఒకటి తయారుచేశాం. దాన్ని మొదట వాడింది మా నాన్నే. ఆయనకు వేంపల్లె దగ్గర చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది.

కోడ్ చాలావరకు ఏఐ రాసిచ్చేది. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. అది ఏం రాసినా మా టెస్టులన్నీ దాటితేనే అసలు ప్రోగ్రాంలో కలపాలి. ఆ టెస్టులు వాటంతటవే నడుస్తాయి. తప్పుంటే తెరమీద ఎరుపు, బాగుంటే పచ్చ. వాటిలో ముఖ్యమైనది నీళ్ల టెస్టు: బోరులో నీళ్లు లేకపోతే మోటరు తిరగకూడదు. ఉత్తబోరులో తిరిగితే మోటరు కాలిపోతుంది మరి.

ఒకరోజు మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చినప్పుడు మోటరు దానంతటదే మొదలయ్యేలా రాయమని ఏఐకి చెప్పాం. రాసింది కానీ, సరిగ్గా నీళ్ల టెస్టు దగ్గరే ఎరుపు పడింది. సరిచేయమని వదిన చెప్పింది. మేం టీ తాగేలోపు అంతా పచ్చ.

“కలిపేస్తాండా మ్మే,” అంది వదిన హుషారుగా.

“ఉండు వదినా, ఏం మార్చిందో చూద్దాం.”

చూస్తే మోటరు కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఏకంగా నీళ్ల టెస్టునే తీసేసింది!

వదినకు నవ్వు ఆగలేదు. “శానా తెలివైందే ఇది! ఫెయిలైతానని కొచ్చెను పేపరే చించేసిండాది!”

ఆ టెస్టును మళ్లీ పెట్టాం. ఏఐ టెస్టుల జోలికి పోతే కలపడమే ఆగిపోయేలా ఇంకో తనిఖీ చేర్చాం. ఈసారి అది నీళ్లు చూశాకే మోటరు వేసేలా రాసింది. పచ్చ వచ్చినా, ప్రతి వరుసా ఇద్దరం చదివాకే కలిపాం.

ఆదివారం బస్సెక్కి తోటకు వెళ్లాం. కరెంటు పోయి వచ్చింది. నీళ్లున్న బోరులో మోటరు వెంటనే తిరిగింది. నీళ్లు దిగిపోయిన రెండో బోరులో మోటరు కదల్లేదు.

“ఇదేందమ్మా, ఇది పన్జేయలేదే?” అన్నాడు నాన్న.

“దాంట్లో నీళ్లు లేవు మామా. చూసుకోనే ఆగిండాది,” అంది వదిన.

నాన్న ముఖం విప్పారింది. గట్టు మీదికెక్కి పక్కతోట రైతును కేకేశాడు.

“ఏమప్పా, ఈడికి రా! మా పిల్లోళ్లు చేసింది చూద్దువు!”

తిరుగు బస్సులో మా ఒళ్లో చీనీకాయల సంచులు. ఆ పక్కతోట ఆయన తనకూ కావాలన్నాడని వదిన దారంతా మా అన్నకు ఫోన్లో చెబుతూనే ఉంది.