ప్రాణం పోని తీగ

తిరుపతిలో ఇంజినీరింగు ఆఖరి ఏడు చదివే రోజులు. వేసవి శిక్షణకు నన్ను చిత్తూరు దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషనుకు పంపారు. క్లాసులో ఎప్పుడూ నేనే ఫస్టు. పని నేర్చుకోవాలన్న ఉబలాటానికీ తక్కువ లేదు.

ఒక మధ్యాహ్నం రిపేరు కోసం ఒక లైను ఆపారు. స్విచ్చి తీసి తాళం వేసింది నేనే. తాళంచెవి నా జేబులోనే ఉంది. లైన్‌మన్ ఖాదరన్న సామాను తేవడానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా పని మొదలుపెడదామని, స్తంభం నుంచి వేలాడుతున్న ఆ లైను తీగ వైపు చెయ్యి చాచాను.

ఆకు కూడా కదలడం లేదు. అయినా ముఖానికి సాలెగూడు తగిలినట్టయింది. తుడుచుకుంటే చేతికేమీ రాలేదు. ముంజేతి మీది వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి, తీగ వాటిని పిలుస్తున్నట్టు.

వెనకనుంచి ఖాదరన్న నా కాలరు పట్టి లాగేశాడు.

"చెయ్యి పెట్టొద్దప్పా! అది ఇంకా సావలేదు."

"తాళం నేనే వేసినా గదన్నా!"

భూమిలోకి దిగిన ఎర్త్ వైరును ఆయన పొడవాటి కర్రతో తీగ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకా తగలకముందే నీలం నిప్పు టప్పున దూకింది.

"పక్కన ఇంకో లైను పోతా ఉండాది సూడు. తగలకపోయినా దాని కరెంటు దీంట్లోకి ఎక్కతాది. మీ పుస్తకాల్లో ఇది లేదా?"

పుస్తకంలో ఉంది. పరీక్షలో కూడా అడిగారు. బొమ్మ గీసి మరీ మూడు పేజీలు రాశాను. పూర్తి మార్కులు వచ్చాయి.