ఏసీ అమ్మనన్న దుకాణదారు

చెరువులో తిప్పే మా క్యాబిన్ బోటులో ఒక టన్ను ఏసీ ఉన్నా ఉక్కపోస్తోందని టూరిస్టులు రోజూ సణుగుతున్నారు. రెండు టన్నులది కొందామని ఈ ఉదయం నేనూ మా ఆయనా హన్మకొండ వెళ్లాం.

దుకాణదారు మా ఫోన్‌లో బోటు ఫొటోలు చూసి, జనరేటర్ గురించి అడిగి, ఏసీ అమ్మనన్నాడు. నాకు అనుమానం వచ్చింది.

“స్టాక్ లేకుంటే లేదని చెప్పు అన్నా, గిదేం కత?” అన్నాను.

“స్టాక్ మస్తుంది అక్కా. గని మీ జనరేటర్ అంత లోడు గుంజదు. చెరువు నడుమ పొగలొస్తే టూరిస్టులు పిల్లలను పట్టుకొని ఎటు పోతరు? అద్దాలకు ఎండ కొడ్తాంది, ముందుగాల మందం పరదాలు కట్టుండ్రి.”

నమ్మకం కుదరక ఎదురు దుకాణానికి వెళ్లాను. అక్కడి మనిషి జనరేటర్ మాటే ఎత్తకుండా బిల్లు పుస్తకం తీశాడు. చెరువు నడుమ పొగల మాట గుర్తొచ్చింది. బయటికొచ్చేసి పరదాలు కొన్నాం.

మధ్యాహ్నం అవి కట్టి బోటులో అరగంట తిరిగాం. పాత ఏసీకే చలి పుట్టి కొంగు కప్పుకున్నాను. అయినా తనకు ఏ లాభమూ లేకుండా ఆ మొదటి దుకాణదారు ఆ మాట ఎందుకు చెప్పాడో నాకింకా అంతుపట్టడం లేదు. మా ఆయనేమో నన్ను చూసి నవ్వుతున్నాడు. మీకెప్పుడైనా సరుకు అమ్మనన్న దుకాణదారు తగిలాడా?